వాగుకు ఇవతల

కవాన్‌లో బడి ప్రారంభోత్సవం.
రిబ్బను కత్తిరించిన కత్తెర ఇంకా చేతిలో ఉండగానే
ఫోను వచ్చింది:
అక్క అట్రాక్టాకు ఇక గంటలేనని.
"ఫెర్గల్, ఇంటికి పోనియ్" అంది.
ఇల్లంటే డబ్లిన్‌లోని తెల్ల భవనం కాదని
తొమ్మిదేళ్ళుగా ఆమె కారు తోలుతున్నవాణ్ణి,
నాకు వేరే చెప్పక్కర్లేదు.

క్లోన్స్‌కు తిన్నని దారి ఒకటుంది.
అది పది మైళ్ళలోపే నాలుగుసార్లు దేశం దాటుతుంది,
ఎవరికీ చెప్పాపెట్టకుండా.
కంచె ఉండదు, కాపలా ఉండదు.
అంచున పసుపు గీత తెల్లబడుతుంది,
కిలోమీటర్లు మైళ్ళవుతాయి,
కాసేపటికి మళ్ళీ మనసు మార్చుకుంటాయి.
పాల లారీలు దాటుతాయి, పెళ్ళివాళ్ళు దాటుతారు,
తప్పిపోయిన గొర్రె దాటుతుంది.
డెర్వ్లా ఒక్కతే దాటకూడదు.

పన్నెండో అధికరణం, తొమ్మిదో ఖండం:
పదవిలో ఉన్నంతకాలం అధ్యక్షులు
ప్రభుత్వ సమ్మతి లేకుండా దేశం విడిచి వెళ్ళరాదు.
ఒక్క ఊపిరిలో చదివేయొచ్చు.
బండిని కూట్‌హిల్ మీదుగా చుట్టు తిప్పాను.
ఆమె అడగలేదు. నేను చెప్పలేదు.

వాళ్ళమ్మ పొలం చివర వాగు.
వాగనడమే గాని, బాతుకు మోకాలి లోతు.
చిన్నప్పుడు ఇద్దరూ గౌన్లు ఎత్తిపట్టి
పందెం వేసుకుని దూకేవాళ్ళట.
ఓసారి అక్క దూకి, అటే ఉండిపోయింది,
అవతలి గట్టున ఆవులున్నవాణ్ణి పెళ్ళాడి.
పిలిస్తే పలికే దూరం.
మ్యాపులో మాత్రం ఇంకో రాజ్యం.

ప్రధాని కార్యాలయం నుంచి ఒక కుర్ర గొంతు:
"మంత్రులందర్నీ ఫోన్లో కలపాలి మేడం.
ఇద్దరు విమానంలో ఉన్నారు, ఒకాయన ఎత్తడం లేదు.
అయినా... మీరు వెళ్ళిరండి. ఎవరు చూడొచ్చారు?"

అద్దంలో ఆమె ముఖం చూశాను.
నిరుడు ఓ బిల్లులో ఒక్క మాట దగ్గర ఆగి
సంతకం పెట్టకుండా సుప్రీంకోర్టుకు పంపిన ముఖం.
ఆ మాట "సాధారణంగా".
సోదాకు సాధారణంగా వారంటు ఉండాలని రాసుకొచ్చారు.
"ఎవరూ చూడనప్పుడు తప్ప, అని రాయండి,
అర్థం అదేగా" అందట వాళ్ళతో.

ఫోను పెట్టేసింది.
"చిన్న నియమం, ఫెర్గల్."
కాస్త ఆగి,
"చిన్నదాన్నే కదా ముందు తొక్కేది."

కోటు గుండీలు పెట్టుకుని గట్టు మీద నిలబడింది.
అవతల, పొలం పైన, తెల్ల సున్నపు గోడ, ఒక కిటికీ.
మేనకోడలు గ్రానియా తెర పక్కకు లాగి చేయి ఊపింది.
ఈమె ఊపింది.
అంతకన్నా ఏం చేస్తారు?
ఫోను చెవి దగ్గర పెట్టినా
అక్క వినే స్థితి దాటిపోయింది.
థర్మాస్‌లో టీ పోసిచ్చాను. తాగలేదు.
చల్లారిన టీని వాగులో ఒంపింది,
నీళ్ళు దాన్ని ఎటు తీసుకెళ్ళాయో మరి.

మూడూ ఇరవైకి
ఆ కిటికీ రెక్కలు బార్లా తెరుచుకున్నాయి.
డిసెంబరు చలిలో ఎవరూ కిటికీ తెరవరు,
వెళ్ళిపోయే ప్రాణానికి దారివ్వడానికి తప్ప.
ఆమె ఏడ్వలేదు. టోపీ తీసింది.

నాలుగింటికి పావు తక్కువలో అదే కుర్ర గొంతు,
ఉత్సాహంగా: "సమ్మతి లభించింది మేడం!"
"ధన్యవాదాలు" అంది. నిజంగానే అంది.
అరవై ఏడేళ్ళ మనిషి, నా చేయి కూడా పట్టుకోకుండా
ఒక్క అంగలో దాటేసింది.
ఎడమ బూటు తడిసింది.

పద్దు పుస్తకం నాదే.
సమయం, దూరం, సరిహద్దు దాటిన నిమిషం,
అన్నీ ఉన్నవున్నట్టే రాశాను.
ఒక్కటి రాయలేదు:
ఆ రెండు గంటలూ నైరుతిన వాలుతున్న ఎండలో
ఆమె నీడ సాగి సాగి
వాగు దాటి, గడ్డి దాటి,
ఆ సున్నపు గోడ దాకా పోయింది.
దానికి ఎవరి సమ్మతీ లేదు.